మూడో నెలలోనూ కట్టుకునే పట్టీ కావాలి

కిందటి నెలలో ఒక శనివారం మా ఓపీకి ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు వచ్చారు. జబ్బుతో కాదు, ప్లాస్టిక్ కవర్‌లో ఒక పట్టీ పట్టుకుని వచ్చారు. ఛాతీకి కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ, దానికి అగ్గిపెట్టెంత డబ్బా, డబ్బాలో చిన్న మోటారు. కట్టుకున్న మనిషి నిద్రలో వెల్లకిలా తిరగగానే మోటారు సెల్‌ఫోన్‌లాగా వణుకుతుంది. ఆ వణుకుకు మనిషి పూర్తిగా మేల్కోకుండానే పక్కకు ఒత్తిగిలుతాడు. అది వాళ్ల ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రాజెక్టులు తయారుచేసి అమ్మే సెంటర్లు ఉన్నా వీళ్లు కొనలేదు. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, హాస్టల్ గదిలో కూర్చుని సొంతంగా అతికించుకున్నారు.

"సార్, ఇది పనికొస్తుందా?" అని అడిగారు.

"పనికొస్తుంది. కానీ మీ ఇంట్లో ఎవరైనా దీన్ని కట్టుకుని మూడు నెలలు పడుకున్నారా?" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఒక అబ్బాయి నెమ్మదిగా చెప్పాడు: "మా నాన్న కోసమే చేశాను సార్. ఎల్.బి. నగర్ నుంచి విజయవాడకు రాత్రి బస్సు నడుపుతాడు. బాగా గురక పెడతాడు."

ఆ మాటతో ఇది కాలేజీ ప్రాజెక్టు సంగతి కాకుండా పోయింది. ఇలాంటి పట్టీ గురించి నా అభిప్రాయం మన పాఠకులతో కూడా పంచుకోవాలనిపించింది. గురక లేని ఇల్లు మనలో ఎన్నింటికి ఉంది చెప్పండి?

వెల్లకిలా పడుకుంటే ఏమవుతుంది?

మెలకువగా ఉన్నంతసేపు మన గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక, అంగిలి వెనుక భాగం తమ బరువుకు తామే గొంతులోకి జారతాయి. దారి ఇరుకైతే గురక వస్తుంది. దారి మూసుకుపోతే పది సెకన్లో, అంతకన్నా ఎక్కువసేపో ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కదుపుతుంది, పెద్ద శబ్దంతో ఊపిరి మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ఇలా పదుల సార్లు, కొందరిలో వందల సార్లు జరుగుతుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాం. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో నూటికి సుమారు 11 మందికి ఇది ఉంది. అంటే దేశంలో 10 కోట్లకు పైగా మనుషులు.

వీళ్లందరికీ పడుకునే భంగిమతో సంబంధం ఒకే రకంగా ఉండదు. అమెరికాలోని షికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ అనే నిద్రా పరిశోధకురాలు 1984లో ఒక విషయం చూపించారు. కొందరు రోగుల్లో పక్కకు తిరిగి ఉన్నప్పటికన్నా వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి రెట్టింపు సార్లు, అంతకన్నా ఎక్కువ సార్లు ఆగుతుంది. ఆ తర్వాత చాలా దేశాల్లో చూస్తే, స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో సుమారు సగం మంది ఈ రకమేనని తేలింది. అలాంటివారిని రాత్రంతా పక్కకు పడుకోబెట్టగలిగితే జబ్బు చాలావరకు తగ్గుతుంది. మందు లేదు, ఆపరేషన్ లేదు.

గురక ఒక్కటే కాదు, ఛాతీలో మంట సంగతి కూడా ఇంతే. దిల్‌సుఖ్‌నగర్ బజారులో షాపు మూసి రాత్రి పదిన్నరకు ఇల్లు చేరి, కడుపునిండా తిని, వెంటనే నడుము వాల్చేవాళ్లు మనలో ఎంతోమంది. వారికి కుడి పక్కకన్నా ఎడమ పక్క మంచిది. కడుపు ఉన్న తీరువల్ల ఎడమ పక్కకు పడుకున్నప్పుడు పులుపు పైకి తన్నడం తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 100 మంది మీద జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, ఎడమ పక్కకు తిప్పేలా వణికే పరికరం పెట్టుకున్నవారిలో 44 శాతం మందికి రాత్రి మంట బాగా తగ్గింది. ఉత్తుత్తి పరికరం పెట్టుకున్నవారిలో అది 24 శాతమే. కాబట్టి ఆ విద్యార్థుల ఆలోచనలో తప్పు లేదు. తప్పంతా ఆలోచన తర్వాతి మెట్టులో జరుగుతుంది.

మొదట కుట్టింది ఒక భార్య

ఈ పట్టీకి పాత చరిత్ర ఉంది. 1984లోనే అమెరికా ఛాతీ వైద్యుల పత్రిక 'చెస్ట్'లో ఒక చిన్న ఉత్తరం వచ్చింది. భర్త గురక భరించలేని ఒక ఇల్లాలు అతని రాత్రి చొక్కాకు వీపు వైపు జేబు కుట్టి, అందులో టెన్నిస్ బంతి పెట్టిన కథ అది. వెల్లకిలా తిరిగితే బంతి వీపుకు గుచ్చుకుంటుంది, మనిషి పక్కకు తిరుగుతాడు. డాక్టర్లు దాన్ని 'టెన్నిస్ బంతి పద్ధతి' అని పిలిచి లక్షల మందికి చెప్పారు. మరుసటి సంవత్సరం కార్ట్‌రైట్ బృందం పది మంది రోగుల ఛాతీకి ఒక చిన్న పెట్టె కట్టింది. వెల్లకిలా 15 సెకన్లు దాటితే అది మోగేది. మన విద్యార్థులు ఇప్పుడు చేసినదానికి అది అమ్మమ్మ అనుకోండి.

అయితే నలభై ఏళ్లుగా ఉన్న ఈ ఉపాయం ఇంటింటికీ ఎందుకు చేరలేదు? ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 2009లో ప్రచురించిన లెక్క చూడండి. బంతి పద్ధతి చెప్పి పంపిన రోగుల్లో 67 మందిని సుమారు రెండున్నరేళ్ల తర్వాత అడిగారు. ఇంకా వాడుతున్నవారు నలుగురే. మరో తొమ్మిది మంది వెల్లకిలా పడుకోకుండా అలవాటు పడ్డామని మానేశారు. మిగతా 54 మంది, అంటే నూటికి 80 మంది, రెండూ లేకుండా పక్కన పడేశారు. వీపు నొప్పి, నిద్ర చెడటం, అసౌకర్యం.

తర్వాత వచ్చిన వణికే పరికరాలు కొంత మెరుగు. మెడ వెనుక కట్టుకునే ఒకదానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అనుమతి ఇచ్చింది. ఛాతీకి కట్టుకునేవీ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోనే 2015లో ప్రచురించిన పోలికలో, నెల రోజులు రాత్రిళ్లు సక్రమంగా వాడినవారు వణికే పరికరంలో నూటికి 75 మంది వరకు ఉంటే, బంతిలో సగం కూడా లేరు. అయినా అది నెల రోజుల లెక్క. జబ్బు నెల రోజులతో పోయేది కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది: ఇలాంటి పరికరాన్ని అది ఎంత చక్కగా వణుకుతుందో చూసి కాదు, మూడో నెలలో కూడా మనిషి దాన్ని కట్టుకుంటున్నాడా అని చూసి కొలవాలి. తయారుచేసే ప్రతివారూ ఆ మూడో నెల నుంచే ఆలోచన మొదలుపెట్టాలి.

మన ఇళ్లకు ఎలాంటిది కావాలి?

విదేశీ పరికరం అక్కడి పడకగదికి తయారైంది. మెత్తని పరుపు, చల్లని గది, మంచానికి ఇద్దరు. మన ఇళ్ల సంగతి వేరు. ఆ విద్యార్థులకు నేను చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి, చెమట. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఛాతీ చుట్టూ ఎలాస్టిక్ పట్టీని ఎవరూ భరించరు. చర్మం ఒరుసుకుని దద్దురు వస్తుంది. నూలు గుడ్డ కావాలి. డబ్బా ఊడదీసి పట్టీని రోజూ ఉతుక్కునేలా ఉండాలి.

రెండు, నేల. మనలో చాలామంది చాప మీదో, పలుచని బొంత మీదో పడుకుంటారు. పరుపు మీద బంతి కొంత లోపలికి దిగుతుంది, నేల మీద దిగదు. ఎముకలు పెళుసుబారిన ముసలివాళ్ల వెన్నుకు అది మంచిది కాదు. గట్టి డబ్బా వీపు వైపు ఉండకూడదు.

మూడు, పక్కవాళ్లు. ఒకే గదిలో అమ్మా నాన్నా పిల్లలూ నాయనమ్మా వరుసగా పడుకునే ఇళ్లు ఉన్నాయి. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు ఉంటాయి. మోగే పరికరం అందరినీ లేపుతుంది. వణుకు కట్టుకున్నవాడికే తెలియాలి. మొదట మెల్లగా, తిరగకపోతే కొంచెం గట్టిగా ఉండాలి. పడుకున్న పది పదిహేను నిమిషాల దాకా అసలు వణకకూడదు. నిద్రే పట్టనివ్వని పట్టీని రెండో రోజే గోడకు తగిలిస్తారు.

నాలుగు, ఆడవాళ్లు. గురక మగవాళ్లకే అనుకుంటారు. నెలసరి ఆగిన తర్వాత స్త్రీలలో స్లీప్ ఆప్నియా పెరుగుతుంది. చీరతోనో నైటీతోనో పడుకునేవారికి, మెడలో గొలుసు ఉన్నవారికి ఈ పట్టీ ఎక్కడ కట్టాలి? మగవాడి ఛాతీ కొలతతో చేసిన పట్టీని ఆమె చేతికిచ్చి వాడమంటే ఎలా? కొలతలు తీసుకునే ముందే అమ్మలను, అత్తయ్యలను అడగండి.

ఐదు, ఫోన్. ప్రతిదానికీ సెల్‌ఫోన్ యాప్ కావాలంటే, ఆ ఫోన్ రాత్రి పిల్లల చేతిలో ఉంటుంది. పట్టీలోనే లెక్క దాచుకుని, పొద్దున ఒక బత్తీతో "ఈ రాత్రి బాగా గడిచింది" అని చెబితే చాలు. వారానికోసారి చార్జింగ్ సరిపోవాలి. మన నిద్ర వివరాలు ఎవరి కంప్యూటర్లోకో పోనక్కర్లేదు. చేతి గడియారంలోనే నిద్ర తెలుస్తుంది కదా అంటారు కొందరు. మణికట్టు ఒకవైపు, మొండెం ఒకవైపు ఉండవచ్చు. చెయ్యి తిరిగినంత మాత్రాన మనిషి తిరిగినట్టు కాదు. భంగిమ తెలియాలంటే మొండెం మీదో మెడ మీదో ఉండాలి.

ఆరు, మరమ్మతు. ఎలాస్టిక్ సాగిపోతుంది, వెల్క్రో పీచు పడుతుంది. కొత్తపేటలో ఏ టైలరైనా పది నిమిషాల్లో మార్చి కుట్టగలిగేలా ఉండాలి. పట్టీ పాడైతే మొత్తం పారేసి మళ్లీ కొనాల్సిన వస్తువు పేదవాడి వస్తువు కాదు.

ఇవన్నీ పెద్ద శాస్త్రం కాదు. పట్టీలోని చిప్ భూమి లాగే దిశను బట్టి మనిషి ఎటు తిరిగాడో చెబుతుంది. సెల్‌ఫోన్ అడ్డం తిప్పితే బొమ్మ అడ్డం తిరిగేది దాంతోనే. మన నగరంలో నమూనాలు తయారుచేసుకోవడానికి 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ ప్రారంభమైంది. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కిన విద్యార్థి అమీర్‌పేటలో మారి అక్కడికి చేరవచ్చు. యంత్రానికి దారి ఉంది. మనుషుల దగ్గరికి వెళ్లే దారి మాత్రం వాళ్లే నడవాలి.

అందరికీ కాదు, పసివాళ్లకు అసలే కాదు

ఆ విద్యార్థుల్లో రెండో అబ్బాయి "చిన్నపిల్లలకు కూడా చేద్దామా సార్" అన్నాడు. వద్దన్నాను. నాన్నకు చెడు చేసే భంగిమే పసిబిడ్డకు మేలు చేసేది. ఏడాదిలోపు పిల్లలను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలుపెట్టాక ఊయలలో ఆకస్మికంగా చనిపోయే పసిపిల్లల సంఖ్య సగానికి తగ్గింది. బిడ్డను ఒకే భంగిమలో కదలకుండా ఉంచే దిండ్లు, మెత్తలు వాడవద్దని అక్కడి ప్రభుత్వ సంస్థలు 2010లో హెచ్చరించాయి. వాటివల్ల ఊపిరాడక పిల్లలు చనిపోయారు. తల గుండ్రంగా రావాలని మనవాళ్లు పెట్టే ఆవాల దిండు కూడా నిద్రపోయే బిడ్డ దగ్గర వద్దు. పసివాళ్లకు ఏ పట్టీ వద్దు, చదునైన పక్క చాలు.

గర్భిణుల సంగతి వేరు. 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రకు ఉపక్రమించేవారిలో కడుపులో బిడ్డ చనిపోయే ప్రమాదం ఎక్కువని న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్ అధ్యయనాలు చూపాయి. వాటిని కలిపి 2019లో వేసిన లెక్కలో ఆ ప్రమాదం సుమారు రెండున్నర రెట్లు. పెరిగిన గర్భసంచి బరువు వెన్ను పక్కనుండే పెద్ద రక్తనాళాల మీద పడటం ఇందుకు కారణం. మన పెద్దవాళ్లు "ఎడమ పక్కకు పడుకో అమ్మా" అనేది మంచి మాటే. కుడి పక్క కూడా చెడు కాదని అదే లెక్క చెబుతోంది. మధ్యరాత్రి మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్టు తెలిస్తే కంగారు వద్దు, పక్కకు తిరిగి పడుకోండి. ఘనాలోని అక్రా నగరంలో, కోర్లే బూ ఆసుపత్రిలో, గర్భిణులకు నడుము దగ్గర బంతులున్న ఒక పట్టీ ఇచ్చి చూశారు. 2019లో ఫలితం ప్రచురించారు. బిడ్డ బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మంచి ఉద్దేశంతో చేసిన పట్టీని కూడా పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని దాచకుండా చెప్పారు. మనవాళ్లు నేర్చుకోవలసింది అదే.

గుండె బలహీనంగా ఉన్నవారు కొందరికి ఎడమ పక్కకు పడుకుంటే ఆయాసం వస్తుంది. భుజం నొప్పి ఉన్నవారికి ఆ పక్క కుదరదు. కాబట్టి పట్టీ ఏ పక్కకు తిప్పాలో డాక్టరు చెప్పాలి, డబ్బా కాదు.

ముందు పరీక్ష, తర్వాత పట్టీ

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇక్కడే. పట్టీ కట్టగానే గురక శబ్దం తగ్గుతుంది. ఇంట్లో అందరూ హాయిగా పడుకుంటారు. కానీ శబ్దం తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గిందని కాదు. లావు ఎక్కువగా ఉండి జబ్బు ముదిరినవారికి ఏ పక్కకు తిరిగినా ఊపిరి ఆగుతుంది. వాళ్లకు 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ కనిపెట్టిన సీప్యాప్ యంత్రం కావాలి, బరువు తగ్గాలి. అలాంటివారికి పట్టీ అమ్మితే జబ్బును దుప్పటి కింద దాచినట్టే.

పగలు కూర్చున్నచోటే కునుకు, పొద్దున తలనొప్పి, మందులకు లొంగని బీపీ, రాత్రి మళ్లీ మళ్లీ మూత్రానికి లేవడం, నిద్రలో ఊపిరి ఆగిందని భార్యో బిడ్డలో చెప్పడం. వీటిలో ఏది ఉన్నా ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్షలో వెల్లకిలా ఉన్నప్పుడు ఎన్నిసార్లు, పక్కకు ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో విడివిడిగా తెలుస్తుంది. పక్కకు ఉన్నప్పుడు బాగుంటే పట్టీ మీకు పనికొస్తుంది. వాడటం మొదలుపెట్టాక పట్టీ కట్టుకునే మరోసారి పరీక్ష చేయించుకోండి. ఈ రెండు పరీక్షలు లేకుండా పట్టీ అమ్మేవారిని నమ్మకండి.

బస్సు నడిపే ఆ తండ్రి సంగతికి వస్తాను. పరీక్ష చేయిద్దాం తీసుకురా అన్నాను. "రాడు సార్. జబ్బని తేలితే డ్యూటీ పోతుందని భయం. అందుకే ఎవరికీ తెలియకుండా ఇంట్లో కట్టుకునేది చేశాను" అన్నాడు అబ్బాయి. ఎల్.బి. నగర్ చౌరస్తాలో రాత్రి నిలబడితే సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ, గుంటూరు వైపు పోయే బస్సులు వరుసగా కనిపిస్తాయి. ఆటోనగర్ నుంచి లారీలు బయల్దేరుతాయి. చికిత్స లేని స్లీప్ ఆప్నియా ఉన్న డ్రైవరుకు ప్రమాదం జరిగే అవకాశం మామూలు డ్రైవరుకన్నా రెండు రెట్లకు పైగా ఉందని 2009లో అధ్యయనాలన్నీ కలిపి చూసినవారు చెప్పారు. చికిత్స తీసుకుంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. జబ్బు ఉందని చెప్పినవాడిని ఇంటికి పంపే యజమాని, జబ్బు దాచుకున్నవాడి చేతికి స్టీరింగు ఇస్తున్నాడు. డ్రైవర్లను పెట్టుకున్న మన సంఘ సభ్యులు ఈ ఒక్క మాట ఆలోచించాలి. పరీక్షకు పంపండి, చికిత్స అయ్యేదాకా పగటి డ్యూటీ ఇవ్వండి, తర్వాత రాత్రి డ్యూటీ మళ్లీ ఇవ్వండి.

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇంతే: "నీ పట్టీ కన్నా ముందు మీ అమ్మను అడుగు. ఏ రాత్రి, ఏ పక్కకు పడుకున్నప్పుడు, ఊపిరి ఎంతసేపు ఆగిందో ఆమెకు తెలుసు. ఒక నోటు పుస్తకంలో వారం రోజులు రాయమను. ఆ పుస్తకం మీ నాన్నకు చూపించు."

పదిరోజుల తర్వాత ముగ్గురూ వచ్చారు. తండ్రి చేతిలో పుస్తకం ఉంది. "మా ఆయన నా మాట వినడు, రాసింది చూసి వచ్చాడు" అంది ఆ తల్లి. పరీక్షకు తేదీ ఇచ్చాం. పట్టీ ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. పరీక్షలో పక్కకు పడుకుంటే బాగుంటుందని తేలితే తిరిగి ఇస్తాను, నూలు గుడ్డతో మళ్లీ కుట్టించమని చెప్పి.

మీ ఇంట్లోనూ గురక పెట్టేవారు ఉంటే ఈ వారమే ఒక నోటు పుస్తకం తెరవండి. ఏ పక్కకు పడుకున్నప్పుడు గురక ఎక్కువో, ఊపిరి ఆగుతోందో లేదో రాయండి. అది పట్టుకుని డాక్టరు దగ్గరికి రండి. ఖర్చు లేని మొదటి పరికరం అదే.